ప్రజావేగులు, ఫోన్ ట్యాపింగ్, కుట్ర కథనాలు: చిత్తూరు–తిరుపతి సీమ

ప్రభుత్వం జనం మాటలు చాటుగా వింటోందని, వాళ్ల వివరాలు పోగేస్తోందని ఎవరైనా బయటపెడితే, వెంటనే ఆ మనిషి చుట్టూ అనుమానాలు అల్లుకుంటాయి. అతడు శత్రుపక్షం పంపిన మనిషని, చెప్పిందంతా అల్లిక అని, ముందే బేరం కుదుర్చుకుని మాట్లాడుతున్నాడని అంటారు. ఆధారం అడగకుండానే ఊరంతా తిరిగే ఇలాంటి మాటల్ని కుట్ర కథనాలంటున్నాం. అమెరికాలో ఇవి నిఘా పత్రాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ చుట్టూ పుట్టాయి. తెలుగునాట 2015 నుంచి ఫోన్ ట్యాపింగ్ వివాదాల చుట్టూ పుడుతూనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి చిత్తూరు, తిరుపతి జిల్లాలతో సంబంధం ఉంది. మాటలు విన్నారని ఆరోపించినవారిలో కుప్పం ఎమ్మెల్యే ఒకరు, అప్పటి వెంకటగిరి ఎమ్మెల్యే మరొకరు. నిఘాపై విచారణకు శాసనసభ వేసిన సంఘానికి అధ్యక్షుడు అప్పటి తిరుపతి ఎమ్మెల్యే.

మాట పుట్టుక

రహస్యాన్ని ప్రజల మేలు కోరి బయటపెట్టే ఉద్యోగిని తెలుగు పత్రికలు ‘ప్రజావేగు’ అంటున్నాయి. వేగు అంటే గూఢచారి. వేగులవాడు రాజు మనిషి. సంతలో, సత్రంలో, రచ్చబండ దగ్గర జనం అనుకునే మాటల్ని కోటలోకి చేరవేయడం అతడి పని. విజయనగర రాజులు చివరి రోజుల్లో ఏలిన చంద్రగిరి కోట తిరుపతికి కూతవేటు దూరంలోనే ఉంది, కాబట్టి ఈ సీమకు వేగుల మాట కొత్తది కాదు. ప్రజావేగు చేసేది దానికి ఎదురు పని. కోటలో జరిగేది జనానికి చెబుతాడు. అయినా ఆ మాటలో ‘వేగు’ అలాగే ఉండిపోయింది, దానితోపాటు పాత అనుమానం కూడా. గుట్టు విప్పినవాడు ఏం చెప్పాడని అడగకముందే వాడు ఎవరి వేగు అని అడుగుతారు. ఈ వ్యాసంలో వచ్చే వివాదాల్లో చాలావాటిలో చర్చ ఆ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

చట్టం ఏమంటుంది

మన దేశంలో ఫోన్ వినడం పూర్తిగా నిషిద్ధం కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 5(2) సెక్షన్ దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలకు దానికి వీలు కల్పించింది. రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారని సీబీఐ నివేదిక బయటికొచ్చాక పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబర్ 18న వచ్చిన తీర్పు ప్రకారం ఫోన్ సంభాషణ కూడా వ్యక్తి ఆంతరంగిక జీవితంలో భాగమే. హోంశాఖ కార్యదర్శి రాతపూర్వకంగా ఆదేశిస్తే తప్ప వినకూడదని కోర్టు స్పష్టం చేసింది. ఆ షరతులే 2007లో 419ఏ నిబంధన అయ్యాయి. ఒక ఆదేశం 60 రోజులు చెల్లుతుంది, ఎంత పొడిగించినా 180 రోజులు దాటకూడదు. రాష్ట్రంలో ఈ ఆదేశాలను ప్రధాన కార్యదర్శి నాయకత్వంలోని సమీక్షా సంఘం పరిశీలించాలి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక 2024 డిసెంబర్‌లో కొత్త నిబంధనలు వెలువడ్డాయి, చట్రం మాత్రం దాదాపు అదే.

ఇందులో కుట్ర కథనాలకు దారి తీసే విషయం ఒకటుంది. అవసరం తీరిన ఆదేశాలను, రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నిబంధనే చెబుతోంది. వ్యక్తి గుట్టు కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. దానివల్ల మరో పని కూడా జరుగుతుంది. ఏడాది తర్వాత ‘నా ఫోన్ విన్నారు’ అని ఎవరైనా అంటే అవునని చెప్పే కాగితం ఉండదు, కాదని చెప్పే కాగితమూ ఉండదు. తన ఫోన్ విన్నట్లు ఆ వ్యక్తికి తర్వాతైనా తెలియజేయాలన్న నియమం కూడా లేదు. కాగితం కరువైన చోట కథలు పుడుతున్నాయి. జనానికి బుద్ధి లేక కాదు, తేల్చుకోవడానికి వేరే దారి లేక.

నిఘా మొత్తాన్నీ ఈ ప్రాంతం చెడుగా చూడదని కూడా చెప్పాలి. 2003 అక్టోబర్ 1న తిరుమల వెళుతుండగా అలిపిరి దగ్గర నక్సలైట్ల క్లేమోర్ మైన్లు పేలి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గాయపడ్డారు. ఆ తర్వాత తిరుపతిలో తనిఖీలను, కెమెరాలను, మఫ్టీ పోలీసులను జనం మామూలుగానే తీసుకున్నారు. పేచీ అంతా ఆ యంత్రాంగాన్ని రాజకీయ ప్రత్యర్థుల మీదికి తిప్పారన్న ఆరోపణతోనే వచ్చింది.

2015: ట్యాపింగా, రికార్డింగా

చంద్రగిరి మండలం నారావారిపల్లెలో పుట్టి, 1989 నుంచి కుప్పానికి ఎమ్మెల్యేగా ఉన్న చంద్రబాబు 2015లో విభజిత ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. ఆ ఏడాది మే 31న హైదరాబాద్‌లో, ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు కోసం డబ్బు ఇవ్వజూపారన్న ‘ఓటుకు నోటు’ కేసులో తెలుగుదేశం ఎమ్మెల్యే రేవంత్ రెడ్డిని తెలంగాణ ఏసీబీ పట్టుకుంది. జూన్ 7న ఓ ఆడియో టీవీల్లో వచ్చింది. నామినేటెడ్ ఎమ్మెల్యే స్టీఫెన్‌సన్‌తో మాట్లాడిన గొంతు చంద్రబాబుదేనని ప్రసారం చేశారు. అవి అతికించిన మాటలని తెలుగుదేశం అంది. తెలంగాణ ప్రభుత్వం మా ఫోన్లు ట్యాప్ చేస్తోందని ఆంధ్రప్రదేశ్ కేసులు పెట్టింది. ట్యాపింగ్ ఏమీ లేదని తెలంగాణ జవాబిచ్చింది. వ్యవహారం న్యాయస్థానాలకెక్కింది.

తర్వాతి వివాదాలన్నిటికీ అచ్చు ఇక్కడే పడింది. ఆడియో బయటికి రాగానే ఒక పక్షం ట్యాపింగ్ అంటుంది, రెండో పక్షం అవతలివాడే రికార్డు చేశాడంటుంది. రెంటికీ తేడా పెద్దది. టెలికాం సంస్థ దగ్గర లైనును పక్కకు మళ్లించి వినడం ట్యాపింగ్, దానికి ప్రభుత్వ ఆదేశం కావాలి. మాట్లాడేవాళ్లలో ఒకరి సెల్‌ఫోన్ తనంతట తానే కాల్‌ను దాచుకోవడం రికార్డింగ్. ఫైలు ఆ ఫోన్‌లో తేదీ, సమయంతో సహా ఉంటుంది. రికార్డయిందన్న ఫోన్‌ను ఫోరెన్సిక్ ల్యాబ్‌కు ఇస్తే చాలావరకు తేలిపోయే విషయమిది. కానీ వాదన ల్యాబ్ దాకా వెళ్లేలోపే ఊరు రెండు పక్షాలైపోతుంది.

2020: ‘ఆధారాలు ఇవ్వండి’

2019లో ప్రభుత్వం మారి వైఎస్సార్ కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. 2020 ఆగస్టు 17న ప్రతిపక్ష నేతగా చంద్రబాబు ప్రధానికి లేఖ రాశారు. ప్రతిపక్ష నాయకులు, న్యాయవాదులు, పాత్రికేయుల ఫోన్లు ట్యాప్ అవుతున్నాయని దాని సారాంశం. అప్పుడే న్యాయమూర్తుల ఫోన్ల గురించీ ఆరోపణలు వచ్చి హైకోర్టులో వ్యాజ్యం పడింది. రాష్ట్ర ప్రభుత్వం ఖండించింది. లేఖ వెళ్లిన మర్నాడే డీజీపీ గౌతమ్ సవాంగ్ చంద్రబాబుకు రాస్తూ, ఆధారాలుంటే ఇవ్వండి, విచారిస్తాం అన్నారు.

పోలీసు అధికారిగా ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. కానీ ట్యాపింగ్‌కు ఆధారం ఏదైనా ఉంటే హోంశాఖ ఫైల్లో ఉండాలి, లేదా టెలికాం సంస్థ సర్వర్లో ఉండాలి. ఫోన్ ఎవరిదో ఆ మనిషి చేతికి అది దొరకదు. పశువు తప్పిపోయిందని వచ్చిన రైతునే దొడ్డి తాళం తెమ్మన్నట్టుంది. బయటివాడు ఆధారం చూపలేడు. లోపలివాడు చూపితే ద్రోహి అవుతాడు.

పెగాసస్, తిరుపతి ఎమ్మెల్యే సంఘం

ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ తయారు చేసిన పెగాసస్ ఫోన్లోకి చాటుగా దూరి మాటల్ని, సందేశాలను, కెమెరాను చేజిక్కించుకుంటుంది. 2021 జులై 18న అంతర్జాతీయ పత్రికలు దాని గుట్టు రట్టు చేశాయి. అక్టోబర్ 27న సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో నిపుణుల సంఘాన్ని నియమించింది. వాళ్లు 29 ఫోన్లు పరీక్షించారు. అయిదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందని, అది పెగాసస్సేనని తేల్చి చెప్పలేమని, కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టు బయటపెట్టింది.

ఈలోపు, 2022 మార్చిలో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఓ మాట అన్నారు. పెగాసస్‌ను తమకు రూ.25 కోట్లకు ఇవ్వజూపారని, తాము వద్దన్నామని, చంద్రబాబు హయాంలో ఆంధ్రప్రదేశ్ కొన్నదని ఆమె చెప్పారు. కొన్న కాగితం ఆమె చూపలేదు. తెలుగుదేశం కొట్టిపారేసింది. చిత్రమేమిటంటే, రాష్ట్ర పోలీసు శాఖ పెగాసస్ కొనలేదని 2021 ఆగస్టులోనే డీజీపీ కార్యాలయం సమాచార హక్కు కింద ఓ దరఖాస్తుదారుకు రాసిచ్చింది. ఆ జవాబు ఇచ్చింది కూడా వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వ హయాంలోనే. అయినా మార్చి మూడో వారంలో శాసనసభలో చర్చ జరిగి సభాసంఘం ఏర్పడింది. తిరుపతి ఎమ్మెల్యే భూమన కరుణాకర్ రెడ్డి దానికి అధ్యక్షుడు.

సంఘం పెగాసస్‌తో మొదలై మరోచోట తేలింది. 2022 సెప్టెంబర్ 20న సభ ముందుకొచ్చిన మధ్యంతర నివేదికలో ప్రధాన విషయం ఇజ్రాయెల్ సాఫ్ట్‌వేర్ కాదు, డేటా చౌర్యం. ప్రభుత్వం దగ్గరున్న పౌరుల వివరాలు తెలుగుదేశం వాడిన ‘సేవామిత్ర’ యాప్‌కు చేరాయని, వాటితో లక్షల ఓట్లు తీసేయాలని చూశారని నివేదిక ఆరోపించింది. తెలుగుదేశం నిరాకరించింది. సేవామిత్ర గొడవ 2019 ఎన్నికల ముందు హైదరాబాద్‌లో పుట్టినదే. యాప్ తయారు చేసిన ఐటీ గ్రిడ్స్ సంస్థపై తెలంగాణ పోలీసులు సిట్ వేశారు. రెండు రాష్ట్రాలకు చెందిన 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు ఆ సంస్థ దగ్గర ఉన్నాయని ఆధార్ సంస్థ ఫిర్యాదు చేసింది. మా పార్టీ డేటానే తెలంగాణ పోలీసులు ఎత్తుకెళ్లి ప్రత్యర్థులకిచ్చారని తెలుగుదేశం ఎదురు కేసు పెట్టించింది. ఒకే కంప్యూటర్ గురించి రెండు దొంగతనాల కథలు, రెండు సిట్‌లు.

అప్పటి వాదనల్లో బాగా నలిగిన వ్యక్తి ఏ.బి. వెంకటేశ్వరరావు. 2019 ఎన్నికల దాకా ఆయన ఇంటెలిజెన్స్ అధిపతి. ఇజ్రాయెల్ సంస్థ నుంచి నిఘా పరికరాల కొనుగోలులో అక్రమాలు జరిగాయని, అందులో కుమారుడి కంపెనీకి సంబంధం ఉందని ఆరోపిస్తూ 2020 ఫిబ్రవరి 8న ప్రభుత్వం సస్పెండ్ చేసింది. ఆ పరికరాలు తాడుతో కట్టి ఆకాశంలో నిలిపే కెమెరా బెలూన్లు, డ్రోన్లు. ఆయన ఆరోపణలు ఒప్పుకోలేదు. 2022 మార్చిలో, సభలో పెగాసస్ చర్చ నడుస్తుండగా, విలేకరుల ముందుకొచ్చి 2019 మే దాకా రాష్ట్రంలో ఏ సంస్థా పెగాసస్ కొనలేదు, వాడలేదు అన్నారు. అనుమతి లేకుండా మాట్లాడినందుకు ప్రభుత్వం సంజాయిషీ అడిగింది. ఆయన కథ ఒకరికి నిజం చెప్పిన అధికారి కథ, మరొకరికి గుట్టు దాచిన అధికారి కథ. చట్టపరమైన నిర్వచనం ప్రకారం ఆయనను ప్రజావేగు అనడం కష్టం, ఎందుకంటే ఆయన చెప్పింది ‘జరగలేదు’ అని. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సస్పెన్షన్ ముగిసిందని చెప్పింది. జూన్‌లో మళ్లీ సస్పెండ్ చేశారు. 2024 మేలో కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్ (క్యాట్) దాన్నీ కొట్టేసింది. మే 31న ప్రింటింగ్, స్టేషనరీ కమిషనర్‌గా బాధ్యతలు తీసుకుని అదే సాయంత్రం పదవీ విరమణ చేశారు.

వెంకటగిరి, నెల్లూరు: 2023

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో వెంకటగిరి పట్టణం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. దాని ఎమ్మెల్యే ఆనం రామనారాయణరెడ్డి 2023 మొదట్లో తన ఫోన్లు ట్యాప్ అవుతున్నాయన్నారు. ఆరోపణ చేసింది సొంత పార్టీ ప్రభుత్వం మీదే. నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి ఇంకా ముందుకెళ్లి, స్నేహితుడితో తాను మాట్లాడిన ఆడియోను ఫిబ్రవరి 1న విలేకరులకు వినిపించారు. దాన్ని ఇంటెలిజెన్స్ అధిపతే తనకు పంపారని, తన మాటలు వింటున్నారనడానికి అంతకంటే రుజువేం కావాలని ఆయన వాదన. ట్యాపింగ్ కాదు, కాల్ రికార్డింగ్ అని పాలకపక్షం బదులిచ్చింది. కొద్దిరోజులకు ఆ స్నేహితుడే ముందుకొచ్చి, తన ఫోన్‌లో కాల్స్ వాటంతట అవే రికార్డవుతాయని, ఆడియో అక్కడిదేనని చెప్పాడు.

రికార్డయింది స్నేహితుడి ఫోన్‌లోనే అయినా, ఆ ఫైలు అధికారి చేతికి ఎలా చేరిందన్న ప్రశ్న మిగులుతుంది. అసలు అధికారి దగ్గర్నుంచే వచ్చిందా అన్నదీ తేలాలి. పోలీసు విచారణకు పనికొచ్చే ప్రశ్నలు ఈ రెండే. ఊళ్లలో నడిచిన చర్చ మాత్రం వేరు. తిరుపతి లీలామహల్ సర్కిల్‌లోనైనా, చిత్తూరు బస్టాండు టీ కొట్టు దగ్గరైనా ఆ రోజుల్లో వినిపించిన మాట ఒకటే: ‘వాళ్లెనక ఎవురో ఉండార్లేన్నా.’ పార్టీ మారడానికి సాకు వెతుక్కుంటున్నారని కొందరు, జనం నమ్మకూడదని స్నేహితుడి చేత అలా చెప్పించారని ఇంకొందరు. మార్చి 24న ఎమ్మెల్సీ ఎన్నికల క్రాస్ ఓటింగ్ ఆరోపణతో వైఎస్సార్ కాంగ్రెస్ వీళ్లిద్దరితో కలిపి నలుగురిని సస్పెండ్ చేసింది. ఇద్దరూ తెలుగుదేశంలో చేరి 2024లో గెలిచారు. ఆనం ఆత్మకూరు నుంచి గెలిచి దేవాదాయ మంత్రయ్యారు. ‘ముందే అనుకున్నాం’ అన్నవాళ్లకు అది బలమైంది. కానీ పార్టీ మారడం మనిషి ఉద్దేశం గురించి ఏదైనా చెప్పొచ్చు గాని, ఫోన్ విన్నారా లేదా అన్నది చెప్పదు. స్వార్థపరుడి ఫోన్ కూడా ట్యాప్ కావచ్చు, నిజాయితీపరుడూ భ్రమపడొచ్చు.

కథను మించిన ఆరోపణ

2024 మార్చిలో హైదరాబాద్‌లో బయటపడిన వ్యవహారం దశాబ్దంగా వింటున్న పుకార్లు చాలావాటిని వెనక్కి నెట్టింది. తెలంగాణ ప్రత్యేక నిఘా విభాగమైన ఎస్‌ఐబీలో 2023 డిసెంబర్ 4న, అంటే ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడు, ట్యాపింగ్ వివరాలున్నాయంటున్న హార్డ్ డిస్కులు ధ్వంసమయ్యాయి. పోలీసుల కథనం ప్రకారం వాటిని యంత్రంతో కోసి ముక్కల్ని మూసీలో పడేశారు. మార్చి 10న పంజాగుట్ట స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చింది ఆ విభాగానికే చెందిన అదనపు ఎస్పీ. ఓ డీఎస్పీతో మొదలై పలువురు అధికారులు అరెస్టయ్యారు. మాజీ అధిపతి టి. ప్రభాకర్ రావు అమెరికా వెళ్లి, అరెస్టు నుంచి సుప్రీంకోర్టు తాత్కాలిక రక్షణ ఇచ్చాక 2025 జూన్‌లో తిరిగొచ్చారు. అదే నెల ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షురాలు షర్మిల తన ఫోన్ కూడా విన్నారని ఆరోపించారు.

నిందితులు ఆరోపణలు తోసిపుచ్చారు. ఇది రాజకీయ కక్ష అని అప్పటిదాకా తెలంగాణను ఏలిన భారత రాష్ట్ర సమితి వాదన. ఆరోపణలు రుజువు కావాల్సినవే. అయితే ఈ కేసుకు, పై వివాదాలకు ఒక తేడా ఉంది. ఇక్కడ మాట్లాడింది లోపలి మనిషి, చూపింది పోయిన వస్తువు. అందుకే కేసు నడిచింది.

స్నోడెన్ చుట్టూ

2013 జూన్‌లో స్నోడెన్ బయటపెట్టిన పత్రాల్లో భారత్ ప్రస్తావన గట్టిగానే ఉంది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఆ ఏడాది మార్చిలో ఒక్క నెలలో మన దేశం నుంచి 630 కోట్ల సమాచార అంశాలు సేకరించింది, వరసలో మనది అయిదో స్థానం. భారతీయ జనతా పార్టీపై నిఘాకు 2010లో అనుమతి ఉన్నట్లు 2014లో వెల్లడైంది. స్నోడెన్ మీద మాత్రం రష్యా గూఢచారి అని, సీఐఏ పంపిన నకిలీ అని, 2016 ఆగస్టులో ఆయన ఓ అక్షర సంకేతాన్ని ట్వీట్ చేసి తీసేసినప్పుడు చనిపోయాడని కూడా కథలు లేచాయి. మాస్కో విమానాశ్రయంలో ఆయన చిక్కుకుపోవడానికి ఒక కారణం అమెరికా పాస్‌పోర్టు రద్దు చేయడమేనన్నది ఆ కథల్లో వినపడదు. ఆయన బయటపెట్టిన ఫోన్ వివరాల సేకరణ చట్టవిరుద్ధమని 2020 సెప్టెంబర్‌లో అమెరికా అప్పీళ్ల కోర్టు అంది. మనిషి గురించిన వాదన తేలలేదు గాని, పత్రాల గురించిన వాదన తేలింది.

జనం నోట

గోడలకు చెవులుంటాయన్న సామెత ఇప్పుడు ఫోన్‌కు అంటుకుంది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ఎక్కడైనా భూమి బేరం నుంచి పార్టీ టికెట్ దాకా కాస్త గుట్టున్న మాట రాగానే ‘ఫోన్లో వద్దులేన్నా, వాట్సాప్‌లోకి రా’ అంటారు. వాట్సాప్ కాల్‌ను టెలికాం లైను మీద మామూలుగా వినలేరన్నది నిజమే. కానీ పెగాసస్ లాంటిది ఫోన్లో చేరితే వాట్సాప్ కూడా కాపాడదు. లైనులో ‘టక్’మని చప్పుడొస్తే, ఫోన్ వేడెక్కితే ట్యాపింగేనని నమ్మేవాళ్లున్నారు. ఇప్పటి ట్యాపింగ్ చప్పుడు చేయదు. స్టార్, హ్యాష్, 21, హ్యాష్ నొక్కితే తెలిసిపోతుందని చెబుతారు. దాన్ని నొక్కితే కాల్ ఫార్వర్డింగ్ ఉందా లేదా అన్నదే కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఎర్ర టిక్కు పడితే ప్రభుత్వం మెసేజ్ చదివి కేసు పెట్టినట్లేనన్న సందేశం ఏళ్లుగా తిరుగుతోంది. ఎర్ర టిక్కు అన్నదే లేదు.

ఇవి తప్పని చెప్పినంత మాత్రాన భయం అబద్ధమని కాదు. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉపఎన్నిక రోజు బస్సుల్లో దొంగ ఓటర్లు దిగారని ప్రతిపక్షాలు గోల చేస్తే, తిరుమలకు వచ్చిన భక్తుల్ని పట్టుకుని కుట్ర పన్నుతున్నారని పాలకపక్షం అంది. మూడేళ్లు కావస్తుండగా, 2024 జనవరిలో ఎన్నికల సంఘం ఆదేశంతో ఓ ఐఏఎస్ అధికారి సస్పెండయ్యారు. ఉపఎన్నికప్పుడు తిరుపతిలో ఓటర్ల నమోదు బాధ్యత ఆయనదే. ఆయన లాగిన్ వాడి వేల సంఖ్యలో ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్నది అభియోగం. దీనికి దారి చూపింది కంప్యూటర్‌లో మిగిలిన జాడ.

రక్షణ

లోపలి మనిషి నోరు విప్పితే కాపాడాల్సిన చట్టం ప్రజావేగుల రక్షణ చట్టం. జాతీయ రహదారుల పనుల్లో అవినీతిపై ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబేను 2003 నవంబర్‌లో గయలో చంపేశాక దాని కోసం గట్టిగా డిమాండ్ వచ్చింది. పార్లమెంటు ఆమోదం పొంది 2014 మే 9న రాష్ట్రపతి సంతకం పడింది. అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు. మరోవైపు 1923 నాటి అధికార రహస్యాల చట్టం, పోలీసులు అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడకూడదన్న 1966 చట్టం, నిఘా సంస్థల ఉద్యోగులపై ఆంక్షలు పెట్టిన 1985 చట్టం అన్నీ అమల్లోనే ఉన్నాయి. చిత్తూరులోనో తిరుపతిలోనో నిఘా విభాగంలో పనిచేసే కానిస్టేబుల్, ఆదేశం లేకుండా ఎవరి ఫోనో వింటున్నట్లు గమనించి పత్రికకు చెబితే, అతడి మీద ఇలాంటి చట్టాన్ని ప్రయోగించొచ్చు. అతడికి అండగా నిలవాల్సిన చట్టానికి అమలు తేదీ ఇంకా పడలేదు.